ఉమ్మడి తాళం పీకేయకండి, ముందు కిందికి దింపండి

మా ఫీల్డులో తరచుగా వినపడే మాట ఒకటుంది. "ఆ గ్లోబల్ లాక్ పీకి పారేస్తే చాలు, పెర్ఫార్మెన్స్ దానంతటదే వస్తుంది" అని. దీనికి జవాబుగా అంతే తరచుగా వినపడేది, "ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతావ్?" అని. మొదటి మాట అనేది సాధారణంగా మాలాంటి కుర్రకారు, రెండోది అనేది పక్క క్యాబిన్‌లో ఉండే పెద్దాయన. నా మటుకు నాకు రెండూ నచ్చవు. ఎందుకో చెప్పాలంటే లినక్స్ కెర్నెల్‌లో 2010 నవంబరులో జరిగిన ఒక చిన్న మార్పు గురించి చెప్పాలి. చిన్నది అంటే ఆలోచన చిన్నది.. తాకిన డ్రైవర్లు మాత్రం పదుల కొద్దీ.

స్టోరేజ్ డ్రైవర్లతో మాకేం పని అనుకునేవాళ్ళు అప్పుడే పేజీ మూసేయకండి. జావాలో సింక్రనైజ్‌డ్ అని రాసేసి దేవుడి మీద భారం వేసేవాళ్ళకీ, డేటాబేస్ టేబుల్ లాకులతో రాత్రుళ్ళు కుస్తీ పట్టేవాళ్ళకీ కూడా కథ ఇదే. పేర్లు మారతాయంతే.

ముందు కాస్త పాత సంగతులు. లినక్స్‌కి ఒకటి కంటే ఎక్కువ ప్రాసెసర్లను వాడుకోవడం వచ్చింది 2.0 వెర్షన్‌తో, 1996లో. ఒకే ప్రాసెసర్ ఉంటుందన్న ధీమాతో రాసిన కోడ్ అంతటినీ ఒక్కసారిగా తిరగరాయడం కుదిరే పని కాదు. అందుకని కెర్నెల్ మొత్తానికీ కలిపి ఒకే పెద్ద తాళం వేశారు. బిగ్ కెర్నెల్ లాక్ అంటే అదే. ఉమ్మడి కుటుంబంలో బీరువా తాళాలగుత్తి నాయనమ్మ కొంగున ఉన్నట్టన్నమాట. ఎవరికేం కావాలన్నా ఆవిడ దగ్గరికే వెళ్ళాలి. ఇంట్లో నలుగురే ఉన్నప్పుడు అదేం ఇబ్బంది కాదు, పైగా ఏ వస్తువు ఎక్కడుందో లెక్క సరిగ్గా ఉంటుంది. నలభైమంది అయ్యాకే గొడవ. ఆ తాళాన్ని పూర్తిగా తీసేసింది 2011 మే నెలలో, 2.6.39 వెర్షన్‌లో. చివరి ముక్కలు ఏరిపారేసిన పని ఎక్కువగా ఆర్న్‌డ్ బెర్గ్‌మన్‌ది. వేసింది ఒక్క రోజులో కాకపోయినా ఒక్క వెర్షన్‌లో, తీయడానికి మాత్రం పదిహేనేళ్ళు!

డిస్కుల వైపు ఇంకో తాళం ఉండేది. 2.4 కెర్నెల్ దాకా మెషీన్‌లో ఎన్ని డిస్కులున్నా సరే, అన్నిటి రిక్వెస్ట్ క్యూలకీ కలిపి ఐఓ రిక్వెస్ట్ లాక్ అని ఒకటే స్పిన్‌లాక్. ఒక డిస్కుకి రిక్వెస్ట్ పెట్టాలంటే, దానికి ఏ సంబంధమూ లేని ఇంకో డిస్కు పని అయ్యేదాకా ఆగాలి. 2.5 సిరీస్‌లో యెన్స్ ఆక్స్‌బో బ్లాక్ లేయర్‌ని తిరగరాసినప్పుడు అది పోయింది. ఏ క్యూకి ఆ తాళం వచ్చింది.

అసలు విషయానికొస్తే, ఇన్ని జరిగాక కూడా స్కజీ లేయర్‌లో మిగిలిపోయింది హోస్ట్ లాక్. హోస్ట్ అంటే మీ కంట్రోలర్ కార్డు. దాని వెనకాల ఒక డిస్కు ఉండొచ్చు, వంద ఉండొచ్చు. పైనుంచి ఒక కమాండ్ వచ్చినప్పుడల్లా స్కజీ మధ్య పొర ఏం చేసేదంటే, ఇంటరప్టులు ఆపి, హోస్ట్ లాక్ పట్టుకుని, డ్రైవర్‌లోని క్యూకమాండ్ అనే ఫంక్షన్‌ని పిలిచేది. డ్రైవర్ పని ముగించుకుని వెనక్కి వచ్చాక లాక్ వదిలేది. అంటే డ్రైవర్ రాసేవాడికి లాకింగ్ గురించి ఆలోచించే అవసరమే లేదు. పైవాడు పట్టుకునే పంపిస్తున్నాడు. డ్రైవర్ రాయడం ఎంత సులువో చూడండి!

ఆ సులువే కొంప ముంచింది. కొన్ని డ్రైవర్లకి ఆ లాక్ అక్కర్లేదు, వాటి సొంత లాకులు వాటికున్నాయి. మరి పైవాడు పట్టుకుని పంపిస్తుంటే అవేం చెయ్యాలి? లోపలికి రాగానే హోస్ట్ లాక్ వదిలేసేవి. తమ లాక్ పట్టుకుని, పని చేసుకుని, తమ లాక్ వదిలి, మళ్ళీ హోస్ట్ లాక్ పట్టుకుని బయటికొచ్చేవి. ఎందుకంటే పైవాడు తిరిగొచ్చాక దాన్ని వదలాలి కదా, పట్టుకుని ఉండకపోతే ఎలా వదులుతాడు. సాటా డిస్కుల్ని నడిపే లిబ్ ఏటీఏ సరిగ్గా ఇదే చేసేది. అంటే ఒక కమాండ్ పంపడానికి ఎవరికీ అక్కర్లేని తాళం రెండు సార్లు వేసి రెండు సార్లు తీయడం. మన ఆఫీసుల్లో గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టి, లోపల బ్యాడ్జ్ గీకి, మళ్ళీ బయటికి వెళ్ళేటప్పుడు అదే రిజిస్టర్ వెతుక్కున్నట్టు.. ఆ రిజిస్టర్‌ని ఎవరైనా తిరగేశారా అని మాత్రం అడక్కండి :-)

ఇన్నేళ్ళు ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు అంటే, డిస్కు అంత నెమ్మది కాబట్టి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక్క చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. సగటున సగం చుట్టు ఆగాలనుకున్నా 4 మిల్లీసెకన్ల పైమాటే, పైగా హెడ్ జరగాలి. అంతసేపు ఆగేవాడికి లాక్ దగ్గర ఒక మైక్రోసెకన్ పోతే తెలుస్తుందా? ఆర్టీసీ బస్సు కోసం గంట నిలబడ్డవాడు టికెట్ కొట్టడానికి కండక్టర్ తీసుకున్న అర నిమిషం గురించి అడగడు. ఎస్ఎస్‌డీలు వచ్చాక మిల్లీసెకన్లు కాస్తా పదుల మైక్రోసెకన్లకి దిగాయి, ప్రాసెసర్ కోర్లేమో పెరిగాయి. దాంతో లాక్ దగ్గర నిలబడేది బయటికి కనిపించడం మొదలైంది. లాక్ మాత్రం 2000లో ఎంత నెమ్మదో 2010లోనూ అంతే, అది కొత్తగా చెడిపోయిందేమీ లేదు. చుట్టూ ఉన్నవి మారాయి. "ఇన్నేళ్ళుగా పనిచేస్తోంది" అనే వాదనతో నాకున్న పేచీ ఇక్కడే. అది పనిచేసింది పాత హార్డ్‌వేర్ మీద.

సరే, తీసేద్దాం. కానీ ఆ లాక్ దేన్ని కాపాడుతోంది? ఈ ప్రశ్నకి జవాబు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. మధ్య పొరలో, డ్రైవర్‌ని పిలిచే ముందు, ఆ లాక్ కింద జరిగే పనుల్లో ఒకటి కమాండ్‌కి వరుస సంఖ్య ఇవ్వడం. హోస్ట్‌కి ఒక కౌంటర్, ప్రతి కమాండ్‌కీ ఒకటి చొప్పున పెరుగుతుంది, సున్నా వస్తే దాటేస్తుంది. అంతే. ఆ సంఖ్యని నిజంగా వాడుకునే డ్రైవర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాటికి మహా అయితే లాగ్‌లో అచ్చు వేయడానికి. అంటే ఎవరికీ పెద్దగా అక్కర్లేని ఒక నంబరు కోసం కోర్లన్నీ వరుసలో నిలబడ్డాయి. ఇది మధ్య పొర సంగతి. డ్రైవర్ల లోపల ఆ లాక్‌ని నమ్ముకుని ఏమేం ఉన్నాయో? అది ఒక్కో డ్రైవర్ రాసినవాడికే తెలియాలి. అందులో కొన్ని డ్రైవర్లు రాసినవాళ్ళు ఎప్పుడో వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు, ఆ కార్డులు ఇప్పుడు దొరకవు కూడా.

ఇలాంటప్పుడు మూడు దారులు కనిపిస్తాయి. లాక్ తీసేసి ఏ డ్రైవర్ పేలితే దాన్ని బాగుచేసుకోవడం ఒకటి. యూజర్ ఇంటర్‌ఫేస్ కోడ్ అయితే ఏమో కానీ, డిస్కు డ్రైవర్లో "పేలడం" అంటే స్క్రీన్ మీద ఎర్రర్ రావడం కాదండీ. ఒకరి డేటా ఇంకొకరి సెక్టార్‌లోకి వెళ్ళి కూర్చోవడం. అది ఆరు నెలల తర్వాత బయటపడుతుంది, అప్పటికి బ్యాకప్‌లో కూడా ఆ తప్పుడు కాపీయే ఉంటుంది. రెండోది, డ్రైవర్‌కి ఒక జెండా పెట్టడం. "నాకు లాక్ అక్కర్లేదు" అని డ్రైవర్ చెబితే మధ్య పొర లాక్ పట్టుకోదు, చెప్పకపోతే పట్టుకుంటుంది. వినడానికి ఎంతో బాగుంటుంది, మేనేజర్లకి ప్రాణం. నాకు మాత్రం అస్సలు గిట్టని దారి ఇది. ఒకే ఫంక్షన్ ఒకసారి లాక్‌తో, ఒకసారి లాక్ లేకుండా నడుస్తుంటే చదివేవాడు ప్రతి లైను దగ్గరా రెండు సార్లు ఆలోచించాలి. పైగా జెండాలకి చావుండదు.

దీనికి పక్కనే ఒక ఉదాహరణ ఉంది. ఐఆక్టల్ పిలుపులు బిగ్ కెర్నెల్ లాక్ కింద నడిచేవి. 2.6.11లో, అంటే 2005లో, లాక్ అక్కర్లేని డ్రైవర్ల కోసం అన్‌లాక్‌డ్ ఐఆక్టల్ అని పక్కన ఇంకో దారి తెరిచారు. పాత దారి మూతపడింది 2010లో, 2.6.36తో. అయిదేళ్ళకు పైగా రెండూ పక్కపక్కనే నడిచాయి. ఇప్పుడు ఆ లాక్ లేదు, ఆ పాత దారి లేదు, పేరులో "అన్‌లాక్‌డ్" మాత్రం మిగిలింది. కొత్తగా చేరిన పిల్లలు "దేని నుంచి అన్‌లాక్?" అని అడిగితే చరిత్ర పాఠం చెప్పుకోవాలి.

మూడో దారి జెఫ్ గార్జిక్ పట్టుకున్నది. లిబ్ ఏటీఏ ఆయనదే కాబట్టి ఆ వదిలి పట్టుకునే బాధ బాగా తెలిసినవాడు. ఆయన చేసింది ఏంటంటే, మధ్య పొరలో లాక్ పట్టుకోవడం మానేసి, అదే లాక్‌ని, అదే పద్ధతిలో, ప్రతి డ్రైవర్ గుమ్మం దగ్గరికి దింపడం. ఒక మాక్రో రాశాడు. ఆ మాక్రో ఇంటరప్టులు ఆపి, హోస్ట్ లాక్ పట్టుకుని, ఆ వరుస సంఖ్య ఇచ్చి, డ్రైవర్ పాత ఫంక్షన్‌ని పిలిచి, లాక్ వదులుతుంది. పాత ఫంక్షన్ పేరు చివర లాక్ అని తెలిసేలా ఎల్‌సీకే అని ఒక తోక తగిలించారు. అంటే పుష్‌డౌన్ జరిగిన రోజున ఆ మాక్రో కట్టుకున్న డ్రైవర్ ప్రవర్తనలో వీసమెత్తు తేడా లేదు. స్పీడూ పెరగలేదు, బగ్గూ రాలేదు. అక్కర్లేని లిబ్ ఏటీఏ లాంటివి మాత్రం మాక్రో జోలికి పోకుండా తమ లాక్ తామే పట్టుకోవడం మొదలుపెట్టాయి.

ఇంత వెడల్పాటి మార్పు మెర్జ్ విండో మూసేశాక, 2.6.37 స్థిరపడే దశలో లోపలికి వెళ్ళింది. మామూలుగా ఆ సమయంలో ఇలాంటివి తెస్తే తరిమి కొడతారు. వెళ్ళగలిగింది ఎందుకంటే అది యాంత్రికమైన మార్పు కాబట్టి. చదివేవాడు ప్రతి ఫైల్లోనూ ఒకటే చూడాలి: పేరు మారిందా, మాక్రో పడిందా. 2011 జనవరిలో 2.6.37 విడుదలైంది.

చాలామందికి ఇలాంటి ప్యాచ్ చూస్తే చిన్నచూపు. "ఏముంది ఇందులో, ఫైండ్ అండ్ రీప్లేస్" అంటారు. నేనేమంటానంటే, ఈ మొత్తం కథలో తెలివైన పని అదే. అప్పటిదాకా "ఈ లాక్ కావాలా వద్దా" అన్న ప్రశ్న ఎవరిదీ కాదు. మధ్య పొర వాడు డ్రైవర్ల కోసం పట్టుకుంటున్నానంటాడు, డ్రైవర్ వాడు పైవాడు పట్టుకుంటున్నాడంటాడు. కిందికి దింపాక ప్రతి డ్రైవర్ ఫైల్లోనూ ఆ లైను కళ్ళెదురుగా ఉంటుంది. నీ కార్డు, నీ తాళం, కావాలంటే ఉంచుకో, లేదంటే నీ చేతిలో హార్డ్‌వేర్ ఉంది కాబట్టి పరీక్షించి నువ్వే తీసెయ్. పదేళ్ళ తర్వాత కూడా కొన్ని పాత డ్రైవర్లు ఆ మాక్రోతోనే నడిచాయి. "ఇంకా మిగిలిపోయింది చూశారా" అని వెక్కిరించేవాళ్ళున్నారు. నాకైతే అందులో తప్పేం కనిపించదు. ఎవరి దగ్గరా లేని కార్డుకి, సెకనుకి వంద కమాండ్లు పంపని డ్రైవర్‌కి, లాక్ తీసి ఎవర్ని ఉద్ధరించాలి?

బిగ్ కెర్నెల్ లాక్ పోయిందీ ఇలాగే. 2008లో జొనాథన్ కార్బెట్ క్యారెక్టర్ డివైజుల ఓపెన్ పిలుపు మీదున్న ఆ లాక్‌ని ముందు ఒక్కో డ్రైవర్‌లోకి దింపాడు, ఆ తర్వాతే ఒక్కొక్కచోట తీయడం కుదిరింది.

ఇక తీసే దగ్గరకొస్తే, నా అనుభవంలో లాక్ చూపించి కాపాడే వాటికంటే చూపించకుండా కాపాడేవే ఎక్కువ. కౌంటర్లు, లిస్టులు కంటికి కనిపిస్తాయి, వాటికి ఏదో ఒకటి చెయ్యొచ్చు. కనిపించని వాటిల్లో మొదటిది ఇంటరప్టులు. హోస్ట్ లాక్ కింద ఇంటరప్టులు ఆగి ఉండేవి, డ్రైవర్ లోపలి చిన్న లాకులు అది నమ్ముకుని రాసినవి కావచ్చు. పైన ఆపడం మానేస్తే, లాక్ పట్టుకున్న కోర్ మీదకే ఇంటరప్ట్ వచ్చి, అదే లాక్ కోసం అక్కడే తిరుగుతూ ఉంటుంది. డెడ్‌లాక్. ఇది కొంతలో కొంత నయం, మెషీన్ బిగుసుకుంటుంది కాబట్టి తెలుస్తుంది. 2006లో 2.6.18తో వచ్చిన లాక్‌డెప్ అయితే బిగుసుకోకముందే అరుస్తుంది.

రెండోది టైమౌట్. కమాండ్ ఆలస్యమైంది, ఎర్రర్ హ్యాండ్లర్ దాన్ని అబార్ట్ చేద్దామని బయల్దేరింది. సరిగ్గా అదే క్షణంలో కార్డు "అయిపోయింది" అని ఇంటరప్ట్ ఇచ్చింది. ఇద్దరూ ఒకే కమాండ్‌కి అంత్యక్రియలు చేస్తే బఫర్ రెండుసార్లు ఫ్రీ అవుతుంది. లినక్స్ బ్లాక్ లేయర్ పాత కోడ్‌లో దీనికి ఒక బిట్ ఉండేది, ఎవరు ముందు దాన్ని అటామిక్‌గా ఒకటి చేస్తే కమాండ్ వాళ్ళది, రెండోవాడు నోరు మూసుకుని వెనక్కి పోవాలి. పెద్ద లాక్ ఉన్నన్నాళ్ళూ సొంత డ్రైవర్లో ఈ ఏర్పాటు లేకపోయినా బండి నడిచిపోతుంది.

మూడోది క్రమం. దీని గురించి కాలేజీలో ఎవరూ చెప్పరు. కమాండ్ వివరాలు మెమరీలో రాసి, ఆ తర్వాత కార్డులోని డోర్‌బెల్ రిజిస్టర్‌ని కొడతాం. మొదటిది కార్డుకి కనిపించాకే రెండోది చేరాలి. ఇంటెల్ మెషీన్ల మీద మామూలుగా రాసిన రాతలు రాసిన వరుసలోనే బయటికి కనిపిస్తాయి కాబట్టి ఏ జాగ్రత్తా లేకపోయినా పనిచేస్తుంది. ఆర్మ్ మీద ఆ హామీ లేదు. లినక్స్‌లో రైట్ఎల్ వాడితే మధ్యలో బ్యారియర్ పడుతుంది, స్పీడ్ కోసమని ఎవరైనా రిలాక్స్‌డ్ రకం వాడితే అది పడదు. అలాగే ఒక కోర్ నింపిన ఫీల్డుని ఇంకో కోర్ చదివేటప్పుడు, ఇన్నాళ్ళూ లాక్ వదలడం, పట్టుకోవడమే ఆ క్రమాన్ని ఇచ్చింది. లాక్ పోయాక అది మనమే ఇవ్వాలి. ఇదివరకు ఆర్మ్ అంటే ఫోన్లు అనుకునేవాళ్ళం. 2018లో అమెజాన్ గ్రావిటాన్ తెచ్చాక సర్వర్లలోకీ వచ్చేసింది. కాబట్టి "మా టెస్ట్ ల్యాబ్‌లో నెల రోజులు నడిచింది" అనే మాటకి, ఆ ల్యాబ్ అంతా ఇంటెల్ అయితే, ఈ విషయంలో విలువ లేదు.

ఇక్కడ మా ఆఫీసు సంగతి ఒకటి చెప్తా, పేరు అనవసరం. ఒక సొంత డ్రైవర్ ఉంది, పైనుంచి కిందిదాకా ఒకటే లాక్. పైన ఒక కామెంట్, "తీయొద్దు" అని. ఎందుకు తీయకూడదో లేదు, రాసినాయన కంపెనీలో లేరు. నేను పుష్‌డౌన్ చేద్దామని రెండు వారాలు అడిగాను. స్పీడ్ ఎంత పెరుగుతుంది అన్నారు. ఏమీ పెరగదన్నాను. అయితే అప్రైజల్‌లో ఏమని రాస్తావ్ అని నవ్వారు. అదే గదిలో, లాక్ మొత్తం తీసేసి బెంచ్‌మార్క్‌లో బార్ చార్ట్ పైకి లేపి చూపిస్తే చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు. మా పరిశ్రమ మీద నా అసలు ఫిర్యాదు ఇదండీ. సంఖ్య కదిలితేనే పని, కదలకుండా జాగ్రత్తగా చేసినది పని కాదు. చివరికి మా లీడ్ ఒకావిడ, "నువ్వు లాక్ తీయనంటున్నావ్ కాబట్టి సరే, ఒక స్ప్రింట్ తీస్కో" అన్నారు. ఆవిడకి ఒకప్పుడు కస్టమర్ డేటా పాడైన కేసు ఒకటి నెత్తిన పడిందట, అందుకని నా భాష అర్థమైనట్టుంది.

అన్నట్టు, లాక్ తీస్తే పని అయిపోయిందనుకునేవాళ్ళకి ఇంకొక్క ముచ్చట. 2013లో బ్లాక్ లేయర్ మీద ఆక్స్‌బో, ఇంకొందరు కలిసి రాసిన పేపర్‌లో పాత ఒకే క్యూ పద్ధతి సెకనుకి సుమారు 8 లక్షల రిక్వెస్టుల దగ్గర ఆగిపోతోందని చూపించారు. కోర్లు పెంచితే పెరగకపోగా తగ్గేది కూడా. దాని ఫలితమే కోర్‌కో క్యూ పెట్టే పద్ధతి, 2014 జనవరిలో 3.13తో వచ్చింది. అదే ఏడు 3.17లో క్రిస్టాఫ్ హెల్విగ్ స్కజీని కూడా దాని మీదకి తెచ్చాడు. అప్పుడు హోస్ట్ దగ్గర ఎన్ని కమాండ్లు పనిలో ఉన్నాయో లెక్కపెట్టే కౌంటర్‌ని లాక్ కింద నుంచి తీసి అటామిక్ చేశారు. లాక్ లేదు, అంతా అటామిక్, ఇంకేం కావాలి? కొన్నేళ్ళకి ఆ అటామిక్ కౌంటరే అడ్డమైంది! ప్రతి కోరూ ప్రతి కమాండ్‌కీ ఒకే కాష్ లైన్‌ని తనవైపు లాక్కుంటుంటే, దానికి లాక్ అని పేరు పెట్టినా అటామిక్ అని పేరు పెట్టినా కోర్లు నిలబడేది నిలబడటమే. చివరికి ఆ కౌంటర్‌ని కూడా ఆ దారిలోంచి తప్పించారు, కావల్సినప్పుడు ఒక్కో కమాండ్‌నీ చూసి లెక్కపెట్టుకోవడమే. నాయనమ్మ కొంగున తాళాలు తీసేసి, హాల్లో ఒక నోట్‌బుక్ పెట్టి "తీసుకున్నవాళ్ళు ఇక్కడ గీత పెట్టండి" అన్నట్టు.. పెన్ను ఒకటే ఉంటే మళ్ళీ వరుసే కదా.

అందుకని మా డ్రైవర్లో లాక్ కింద ఉన్న ఒక్కో ఫీల్డుకీ ఇప్పుడు "ఇది ఎవరిది" అని ఒక కామెంట్ రాస్తున్నా. పుష్‌డౌన్ అయింది, ఫంక్షన్లలో లాక్ పట్టుకుని ఉన్నామా లేదా అని అడిగే లాక్‌డెప్ పరీక్షలు పెట్టాను. 2020లో 5.8తో వచ్చిన కేసీశాన్‌తో రాత్రుళ్ళు నడిపిస్తున్నా, రెండు కోర్లు ఒకే ఫీల్డుని అడ్డదిడ్డంగా తాకితే అది పట్టేస్తుంది. ముప్ఫై ఫీల్డుల్లో ఇరవై ఆరింటికి యజమాని దొరికాడు. అందులో ఎక్కువ భాగం ఒక్క క్యూకి చెందినవే, వాటికి లాక్ అక్కర్లేకుండా ఏ క్యూ దగ్గర అది పెట్టెయ్యొచ్చు. నాలుగు మాత్రం ఎవరివో ఇంకా తేలలేదు. ఆర్మ్ బోర్డు కోసం పర్చేజ్ వాళ్ళకి రిక్వెస్ట్ పెట్టి నెలన్నర అయింది. అది వచ్చేదాకా లాక్ ఉన్నచోటే ఉంటుంది.